మెట్ల మీద కూచున్న కేయా

భవతోష్ కయాల్ తన కాలి చెప్పు తీసి క్లబ్బు టీవీ మీదికి విసిరిన ఆదివారం నేను అక్కడే ఉన్నాను. గురి తప్పింది. చెప్పు పోయి పక్కనున్న కారమ్స్ బోర్డు మీద పడి, ఎర్రకాయను తిన్నగా మూలగుంటలో వేసింది. ఆ ఆట ఎవరు గెలిచినట్టో మా సందులో ఇప్పటికీ తేలలేదు. నేను కళ్లారా చూశాను. నమ్మనివాళ్ల ఇష్టం.

"పరిగెత్తింది," అన్నాడు భవతోష్ నావైపు తిరిగి. "చూశారా మూర్తి బాబూ, కేయా పరిగెత్తింది. పరిగెడుతూ పాట కూడా పాడింది."

"కూచో దాదా," అన్నాడు క్లబ్బు సెక్రటరీ. "టీవీ సందు మొత్తానిది."

"కేయా కూడా సందు మొత్తానిదే. దాన్ని ఆ పెట్టెలోవాళ్ల చేతుల్లో పెట్టింది ఎవరు?"

కేయా 'మేడగది ముఠా' పుస్తకాల్లో పిల్ల. అనాదినాథ్ హోర్ గారు ఏటా దుర్గాపూజ ప్రత్యేక సంచికకి ఒక కథ చొప్పున పదిహేడు రాసి పోయారు. రణు, ఘోంటూ అని ఇద్దరు మగపిల్లలు గోడలు దూకుతారు, దెబ్బలు తింటారు, దొంగ కానివాణ్ణి పట్టుకుని చీవాట్లు పడతారు. పద్నాలుగేళ్ల కేయాకి పోలియో. ఎడమ కాలికి ఇనుప పట్టీ. మేడగదికి పోయే మెట్ల మీద కూచుని, విని, చూసి, అసలు దొంగ ఎవడో చెప్పేది ఆ పిల్లే. ప్రతి పుస్తకం ఆఖర్న రణు ఒకటే అడుగుతాడు: "కూచున్న చోటినుంచి నీకెలా తెలిసింది?" ఆ ఒక్క మాట కోసం మా సందు ఆడపిల్లలు పుస్తకం చివరినుంచి చదివేవాళ్లు.

ఆ కథలనే ఇప్పుడు ఆదివారాలు టీవీ సీరియల్‌గా వేస్తున్నారు. అందులో మేడగది లేదు, తోట మధ్య బంగళా ఉంది. ఇనుప పట్టీ లేదు, తెల్లబూట్లు ఉన్నాయి. దొంగను రణు కనిపెడతాడు. కేయా కళ్లు చక్రాల్లా తిప్పి, "నీకెలా తెలిసింది?" అంటుంది. మాట పుస్తకంలోదే, దాన్ని తీసుకెళ్లి అవతలి నోట్లో పెట్టారు. నాకే ఒళ్లు మండింది. ఇక భవతోష్ మాట చెప్పాలా?

ఆయన కోపం సంగతి నాకు బాగా తెలుసు. వాళ్లింటి కింది వాటాలో ముప్ఫై ఏళ్లుగా అద్దెకుంటున్నాను. నేను చదివిన కాన్వెంటులో సిస్టర్ అగాథా కేకేస్తే గుడిగంట దానంతటదే మోగేది. భవతోష్ ముందు ఆ తల్లి పిల్లకాకి. ఒకసారి హాతీబాగాన్ దగ్గర ఆయన కండక్టరు మీద అరిచిన అరుపుకి, ట్రాము నెత్తిన ఉండే కర్ర తీగను వదిలేసి పక్కకి తిరిగి నిలబడింది.

భవతోష్ కంపోజిటరు. కాలేజీ స్ట్రీటు వెనక ఒక అచ్చాఫీసులో నలభై ఏళ్లు నిలబడి సీసపు అక్షరాలు ఏరి పేర్చాడు. అచ్చులో అక్షరాలు తలకిందులుగా, ఎడమది కుడిగా ఉంటాయి కదా, ఆయన కళ్లు అలాగే అలవాటు పడిపోయాయి. ట్రాములో ఎదుటి సీటువాడి పేపరు తలకిందులుగా చదివేసి, "అయిపోయింది, తిప్పండి" అనేవాడు. 'మేడగది ముఠా' పదిహేడూ ఆయన చేతి మీదుగానే అచ్చయ్యాయి.

ఒక్కతే కూతురు, సుతప. ఇంట్లో తపు. ఇరవై ఏడేళ్లు. ఏడో ఏట పోలియో వచ్చింది, ఎడమ కాలికి పట్టీ. ఇంట్లోనే కూచుని ప్రచురణకర్తలకి ప్రూఫులు దిద్దుతుంది. సందు పిల్లలు ఆమెను కేయాదీ, అంటే కేయా అక్క, అంటారు. తపు 'జేఠు', అంటే పెదనాన్న, అని పిలిచే అనాది బాబు ఆమెను చూసే కేయాని రాశారని అందరికీ తెలుసు. భవతోషే చెప్పాడు.

చెప్పు విసిరిన సాయంత్రం ఇద్దరు ఆడపిల్లలు ఆమె గుమ్మంలో నిలబడ్డారు.

"కేయాదీ, నువ్వు కేయావి కావట కదా?"

"ఎవరన్నారు?"

"టీవీలో చూశాం. కేయా బాగా పరిగెడుతుంది. మరి నిన్ను ఇక ఏమని పిలవాలి?"

"తపుదీ అనండి," అంది ఎర్ర పెన్సిలు చెక్కుకుంటూ. మెట్ల కింద నిలబడి భవతోష్ ఇదంతా విన్నాడు. ఆ రోజునుంచి ఆయన అన్నం ముందు కూచుంటే కంచమే భయపడేది.

వారం తిరక్కుండా ప్రచురణకర్త కమలేశ్ సర్ఖేల్ పదిహేడు పుస్తకాలూ మూట కట్టించుకుని వచ్చాడు. నేనూ పైనే ఉన్నాను, టీ వేళ.

"తపూ, కొత్త ముద్రణ వేస్తున్నాం. అట్ట మీద టీవీ అమ్మాయి బొమ్మ. ఇది నువ్వే చెయ్యాలమ్మా, ఈ పుస్తకాలు నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీవు. పట్టీ మాట ఎక్కడుంటే అక్కడ కొట్టెయ్. దొంగను పట్టేది రణు అని మార్చు. టీవీ చూసి కొన్న పిల్లలకి లోపల ఇంకో పిల్ల కనబడితే అయోమయం."

"అయోమయం చేసింది టీవీవాడు," అన్నాడు భవతోష్. "పట్టీ తీసుకెళ్లి వాడి బుర్రకి కట్టండి, నిటారుగా నిలబడుతుంది."

"అరవకండి దాదా. మీకు తెలీని సంగతి ఒకటుంది. మొదటి పుస్తకం చేతిరాత ప్రతి అనాది బాబు ఇంట్లో దొరికింది. డైరెక్టరు దాన్ని చూసే తీశాడు. అందులో ఏముందో తెలుసా? 'కేయా గబగబా మెట్లు దిగి దొంగ వెంట పరిగెత్తింది.' పట్టీ లేదు. దొంగను కనిపెట్టేది కూడా రణు. అచ్చులో ఎవడో తప్పు చేశాడు. అనాది బాబు మెత్తటి మనిషి కాబట్టి తర్వాత ఆ తప్పుతోనే పదహారు పుస్తకాలు నెట్టుకొచ్చారు. ఇప్పుడు చెప్పండి, అసలు కథ ఎవరిది?"

భవతోష్ మళ్లీ అరుస్తాడని నేను గ్లాసు గట్టిగా పట్టుకున్నాను. అరవలేదు. గోడవైపు చూస్తూ కూచున్నాడు.

"సరస్వతీ పూజ మర్నాడు పొద్దున్నే మనిషిని పంపుతాను," అని కమలేశ్ లేచాడు. "పుస్తక మేళాకి అందాలి. నీకు చేతకాదంటే ఇంకొకరికి ఇస్తాను తపూ, ఏమీ అనుకోను."

ఆయన మెట్లు దిగాక భవతోష్ మెల్లగా అన్నాడు. "ఆ ఎవడో నేనే."

ఇరవై ఏళ్ల కిందట, తపుకి పట్టీ బిగించిన రోజు ఆస్పత్రినుంచి సరాసరి పనికి పోయాడట. ముందున్న కాగితంలో ఆ వాక్యమే వచ్చింది. 'పరిగెత్తింది' అన్న మాటకి అక్షరాలు ఏరబోతే చెయ్యి కదల్లేదు. చెయ్యి దానంతటదే అక్షరాల కేసులో వేరే గళ్లలోకి పోయి పేర్చింది: 'కేయా కాలి పట్టీ సర్దుకుని మెట్ల మీదే కూచుని వింది.' కంపోజిటరు రచయిత మాట మార్చడమంటే వంటవాడు పెళ్లికూతుర్ని మార్చడం లాంటిది. పని పోతుందనుకున్నాడు. ప్రూఫు చూసి అనాది బాబు గొడుగు పట్టుకుని స్వయంగా వచ్చారు. తిట్టలేదు. "ఆ పిల్ల ఏం వింటోంది?" అని అడిగారు. "రెండు జతల అడుగులు బాబూ. దిగేవాడికి ఒక కాలికే చెప్పుంది," అన్నాడు భవతోష్. అనాది బాబు అక్కడే నిలబడి ప్రూఫు అంచున పెన్సిలుతో ఏదో రాశారు. కథ మొత్తం మళ్లీ రాసి పంపారు.

తపు టీ గ్లాసు పక్కకి నెట్టింది. మాట్లాడితే గొంతు తండ్రిదే.

"జేఠు నన్ను చూసి రాశారని చెప్పావు బాబా."

"తర్వాత చూశారు. కబురు పెట్టి మరీ వచ్చి చూశారు."

"నా పట్టీ తీసి ఇంకో పిల్ల కాలికి తగిలించావు. నన్ను అడిగావా? అడిగుంటే పరిగెత్తనీ అనేదాన్ని. ఏడేళ్లదాన్ని నేను. నాకు బదులు ఒకత్తయినా పరిగెత్తేది."

ట్రాముల్ని ఆపే మనిషి ఖాళీ గ్లాసులు ఏరుకుని వంటింట్లోకి పోయాడు.

రెండు రోజులు తండ్రీకూతుళ్లు మాట్లాడుకోలేదు. మూడో రోజు నేను పైకి వెళితే, తపు ముందు మొదటి పుస్తకం తెరిచి ఉంది. ఎర్ర పెన్సిలు మొన చెక్కుచెదరకుండా ఉంది.

"కొట్టెయ్యలేకపోతున్నావా?" అన్నాను.

"పరిగెత్తితే నాకేం బాధ లేదు కాకా. కడుపు మండేది దానిక్కాదు. కాళ్లిచ్చి బుర్ర లాక్కున్నారు. జేఠు మొదట రాసినప్పుడూ అంతే, దానికి కాళ్లు తప్ప ఏమీ లేవు. బాబా కూచోబెట్టాక కదా దానికో పని ఇవ్వాల్సొచ్చింది. నేను ఒప్పుకోకపోతే కమలేశ్ బాబు ఇంకొకరి చేత కొట్టించేస్తారు. అప్పుడిక ఆ కూచున్న పిల్ల ఏ పుస్తకంలోనూ ఉండదు."

"అనాది బాబు పెన్సిలుతో రాసిన ఆ ప్రూఫు కాగితం దొరికితే?"

గుమ్మం అవతలనుంచి భవతోష్ గొంతు వినబడింది. "దొరకదు. మీ అమ్మ ఉంచిందా ఏదైనా?"

నిజమే. తపు తల్లి, పోయిన నీలిమ వదిన, పాత ప్రూఫుల్ని పిండిజిగురుతో అతికి పొట్లాలు చేసి మరమరాల కొట్టుకి వేసేది. అనాది బాబు కథల్ని మా సందు చదవకముందే, వాటిలో మరమరాలు పోసుకుని ఆవనూనె కలుపుకుని తినేసింది. అయినా భవతోష్ వెతికాడు. ట్రంకుపెట్టెలు బోర్లించాడు, పరుపు కింద చూశాడు, నా వాటాలోకి వచ్చి నా అలమారలోని అడుగు కాగితాలు కూడా లాగేశాడు. దొరకని ప్రతిచోటా టీవీవాణ్ణి ఒక తిట్టు తిట్టాడు. ఒక్కటీ రెండోసారి వాడలేదు.

సరస్వతీ పూజ వచ్చింది. పసుపు చీర కట్టుకుని తపు అమ్మవారి ముందు పుస్తకాలు సర్దుతోంది. ఆ రోజు ఈ ఊళ్లో ఎవరూ పుస్తకం తెరవరు, అక్షరం చదవరు, రాయరు. చదువులన్నీ అమ్మవారి దగ్గర తాకట్టు. ఏ చదువంటే భయమో ఆ పుస్తకం ఆమె పాదాల కింద పెడతారు. తపు మూడో తరగతి లెక్కల పుస్తకం ఇరవై ఏళ్లుగా ఆ పూజగూట్లోంచి కదల్లేదు. ఆ భయం అలాంటిది. ఏటా తీయడం, పాదాల కింద పెట్టడం, తెరవకుండా మళ్లీ గూట్లో తోయడం.

ఆ ఏడు తీస్తుంటే పుస్తకానికి వేసిన కాగితపు అట్ట అంచు చిరిగి విప్పుకుంది. గది అవతలి కొసన, గుమ్మంలో నిలబడ్డ భవతోష్‌కి అది తలకిందులుగా కనబడింది.

"కదపకు," అన్నాడు. "ఆ 'క' తల విరిగింది చూడు. అది నా కేసులో అక్షరం. ఆ అట్ట వేసింది నేనే. మర్చేపోయాను."

మోకాళ్ల మీద కూచుని అట్ట విప్పబోయాడు. తపు చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ చదవకూడదు బాబా."

"తలకిందులుగా చూస్తే చదివినట్టు కాదు."

"నీకు అదే చదవడం. అమ్మవారికి తెలీదనుకున్నావా?"

"మనిషి రేపు పొద్దున్నే వస్తాడు."

తపు నా వైపు చూసింది. "కాకా, మీ తెలుగువాళ్లవైపు ఈ రోజు చదవకూడదని ఉందా?"

"మావైపు ఈ రోజు పిల్లల చేత కొత్తగా అక్షరాలు దిద్దిస్తారు," అన్నాను. అబద్ధం కాదు. నా నోటినుంచి నిజం వచ్చిన కొద్ది సందర్భాల్లో అదొకటి.

అట్ట నేనే విప్పాను. మెట్ల వాక్యం కింద గీత ఉంది. అంచున అనాది బాబు వాలుగా రాసిన పెన్సిలు రాత. పైకి చదివాను: "నా రాత తప్పు. అచ్చు ఒప్పు. ఈ పిల్లని ఇలాగే ఉండనివ్వండి." కింద పేరు, తేదీ.

భవతోష్ కళ్లు తుడుచుకోవడానికి బదులు ముక్కు చీదాడు. "రేపటిదాకా ఆగడమెందుకు? ఇప్పుడే పోదాం. కమలేశ్ ఇవాళ చదవడు, మీరే వినిపించండి."

వెళ్లాం. కమలేశ్ కాగితాన్ని చేత్తో పట్టుకోలేదు, పూజరోజు కదా. నేను చదువుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు. టీవీ పేరు చెప్పుకుని పుస్తకాలు అమ్ముకుందామనుకున్నవాడే, కానీ ఆ వీధిలో పుట్టినవాడు. రచయిత సంతకం పెట్టిన ప్రూఫు ముందు చేతిరాత ప్రతి చెల్లదని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఒక్క మాట మారదు," అన్నాడు చివరికి. "అట్ట మాత్రం అచ్చయిపోయింది. దాన్ని ఏమీ చెయ్యలేను."

"కాల్చెయ్," అన్నాడు భవతోష్.

కాల్చలేదు. మేళాలో ఆ పుస్తకాలే అమ్మారు. అట్ట మీద తెల్లబూట్లతో పరిగెడుతున్న పిల్ల, లోపల మెట్ల మీద కూచున్న పిల్ల. ప్రతి ఆదివారం భవతోష్ చెప్పులు ఇంట్లో వదిలేసి క్లబ్బుకి పోతాడు. సెక్రటరీ షరతు అది. టీవీకి వీపు పెట్టి కూచుని, రణు నోరు తెరిచినప్పుడల్లా, "దొంగ, అది ఆ పిల్ల మాట," అంటాడు. కోపం తగ్గిందని ఎవరైనా అంటే నమ్మకండి.

పూజ మర్నాడు కమలేశ్ మనిషి పొద్దున్నే వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. తపు పదిహేడు పుస్తకాలూ అప్పగించింది. పదహారింట్లో ఒక్క ఎర్ర గీత లేదు. ఏడోదాన్ని మాత్రం తండ్రి ముందు తెరిచి పెట్టింది.

"ఇందులో పట్టీ కుడికాలికి పెట్టావు. పదిహేనో ఏటనుంచి చూస్తున్నాను. జేఠు తప్పనుకుని ఊరుకున్నాను."

భవతోష్ ఆ లైను తలకిందులుగా చూశాడు, తిన్నగా చూశాడు.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

'కుడి' మీద గీత గీసి, అంచున 'ఎడమ' అని రాసి, పెన్సిలు ఆయన చేతికిచ్చింది. "సంతకం పెట్టు బాబా. అచ్చు తప్పు నీది."