తీపి తినని తమ్ముడు

ఆదోని బజారులో బెల్లం అంగళ్ల వరుస రాగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా దాటేస్తాను. నలభై దాటినా ఆ వాసన నాకు పడదు. బెల్లానికి భయపడే మనిషివా అని చూసినవాళ్లు నవ్వుతారు.

ఎమ్మిగనూరులో మాది మగ్గం ఇల్లు. తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పట్టే పెద్దవాళ్లు, ఆ తడి నూలు కింద దూరి తిట్లు తినే మేము, పొయ్యి ముందు జొన్నరొట్టెలు తడుతూ అందరి మీదా పెత్తనం చేసే అవ్వ. అవ్వ నాయనకు కన్నతల్లి, అమ్మకు అమ్మమ్మ. పిల్ల పరాయి ఇంటికి పోకూడదని కూతురి కూతుర్నే కొడుక్కి చేసుకుంది. మూడేళ్ల తమ్ముడు మద్దిలేటి అంటే ఆమెకు ప్రాణం. వాడు రొట్టె, ఊరిమిండి పచ్చడి ఎంత పెట్టినా తినేవాడు గానీ తీపి చూస్తే పెదాలు బిగించేవాడు, బలవంతం చేస్తే కక్కేవాడు. గారాబం ఎక్కువైందని అందరం ఆటపట్టించేవాళ్లం.

ఆ ఉగాదికి బెల్లం పూర్ణం పెట్టి బక్షాలు చేశారు. "పండగ పూట నోరు తీపి చేసుకోకుంటే ఎట్ల నాయనా" అంటూ అవ్వ వాడి నోట్లో కుక్కింది. గంట తిరక్కుండా వాంతులు, చెమటలు. తల వాల్చేశాడు. మా ఇళ్లలో కళ్లు తిరిగినా, వాంతులైనా, ఎండదెబ్బ తగిలినా ఒకటే మందు, బెల్లం నీళ్లు. "పాపా, వాని కాళ్లు పట్టుకో" అంది అవ్వ. ఎనిమిదేళ్లదాన్ని, ఉన్న బలమంతా పెట్టి పట్టుకున్నాను. వాడు నా వైపే చూస్తూ తన్నుకున్నాడు. తాగిన ప్రతిసారీ ఇంకా వాడిపోయాడు, వాడిపోయేకొద్దీ అవ్వ ఇంకా చిక్కగా కలిపింది. మూడో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి. కర్నూలు బస్సులో అమ్మ ఒళ్లోనే పోయాడు.

తర్వాత పుట్టిన చెల్లెలు కూడా తీపికి కక్కేసరికి అమ్మ ఇక ఆగలేదు. నన్ను తోడు తీసుకుని పెద్ద డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. పరీక్షలన్నీ అయ్యాక ఆయన చెప్పాడు: పండ్లలో, చక్కెరలో, బెల్లంలో ఉండే ఒక తీపిని ఈ పిల్ల కాలేయం అరిగించుకోలేదట, అది లోపల విషమవుతుందట. పుట్టుకతో వచ్చే లోపం, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అందితేనే బయటపడుతుందట. తీపి ముట్టకపోతే పిల్లకు ఏ భయమూ లేదన్నాడు. నాకు తమ్ముడి కాళ్లే గుర్తొచ్చాయి. బయటికొచ్చాక అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది.

"ఈ సంగతి అవ్వకు సెప్పొద్దు పాపా. తట్టుకోల్యాదు."

చెల్లెలికి పథ్యమని మాత్రం అవ్వకు చెప్పాం. అది బతికింది, ఇప్పుడు తనకూ పిల్లలు. నా కొడుకు పసితనంలో పాయసం వద్దని తల తిప్పిన రోజు మాత్రం గిన్నెడూ పారబోశాను. ఇప్పుడు మా వీధిలో పడుగులు సాగవు, మగ్గం గుంట మీద బండలు పరిచారు, అమ్మా నాయనా లేరు. అందరికంటే ముందు అవ్వ పోయింది. మంచం పట్టిన రోజుల్లో తమ్ముణ్ణి తలచుకుని ఏడ్చేది.

"ఇంగో గలాసు బెల్లం నీళ్లు తాపింటే బతికేటోడు పాపా."

"అవునవ్వా" అనేదాన్ని.