తాతగారు బాగు చేసిన పరీక్ష

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల్లో, నేను సైకాలజీ చదువుతున్నానని తెలియగానే మా గుణదలలో పిన్నిగార్లందరూ నా ముందు కోడళ్ళ మాట ఎత్తడం మానేశారు. (మనసులో మాట పట్టేస్తానని భయం. పరీక్షలో ఏ ప్రశ్న వస్తుందో పట్టడం కూడా నాకు చేతకాదని వాళ్ళకేం తెలుసు!) మా నాన్న స్కూలు మాస్టారు. ఎవరైనా అడిగితే "మా అమ్మాయి ఎమ్మే అండీ" అని అక్కడితో ఆపేసేవారు. ఇంటికొచ్చాక మాత్రం, "ఇంతకీ ఈ చదువుకి ఉద్యోగం ఎవరిస్తారే? ఈ ఏడు పాసవకపోతే నోరు మూసుకుని బి.ఇడి.లో చేరు" అని తేల్చేశారు. పిల్లలకు ఎక్కాలు నేర్పడమంటే నాకు ప్రాణం మీదకొచ్చినట్టుండేది.

మా గైడుగారికి మేం పెట్టుకున్న పేరు స్టాప్‌వాచీ మాస్టారు. "ఇక ముందంతా ఫ్యాక్టరీలేనమ్మా. ఎవరి చేతులు ఏ పనికి పనికొస్తాయో చెప్పాల్సింది మనమే" అనేవారు. నా థీసిస్ కూడా దాని మీదే. ఒక చెక్క పలక, దానికి యాభై బెజ్జాలు, యాభై కొయ్య చీలలు. ఎంత తొందరగా బెజ్జాల్లో పెట్టేస్తే చేతికి అంత నేర్పున్నట్టు. డిపార్ట్‌మెంటు మొత్తానికి ఉన్నది ఆ ఒక్క పలకే, అదీ ఫారిన్‌ది. దాని మీద కాలేజీ పిల్లల టైములు అప్పటికే రాసేసుకున్నాను. అదే పలక మీద కొండపల్లి బొమ్మల పనివాళ్ళ టైములు కూడా రాసి, రెండూ పోల్చి చూపిస్తే నేను పాసు. (ఇందుకోసం అమ్మ మేరీమాతకు కొవ్వొత్తులు కూడా మొక్కుకుంది.)

బొమ్మలు చేసే వీధిలో అందరికన్నా పెద్ద పనివాడు ఒక తాతగారు. ముందు ఆయన్నే కూర్చోబెట్టి, "ఇక కానివ్వండి!" అంటూ వాచీ నొక్కాను. ఆయన మొదటి చీల తీసి, కంటి దగ్గర పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు.

"ఇదెవరు చేశారమ్మా?"

"ఎవరో ఫారిన్ వాళ్ళండీ. తొందరగా పెట్టండి, టైమైపోతోంది!"

"అయితే అవనీ. ఇది ఒక పక్క లావుంది. ఈ బెజ్జం చూడు, వంకర."

ఇలా యాభై చీలలకూ యాభై వంకలు పెట్టారు. చివరికి, టైమును బట్టి నేర్పు తేల్చే నా పట్టికలో చూస్తే ఆయన 'చేతిపనికి పనికిరారు' అన్న గడిలో పడ్డారు. నాకెంత జాలేసిందో! ఇన్నేళ్ళుగా ఈ పని ఎలా నెట్టుకొస్తున్నారో పాపం, అనుకున్నాను. (నవ్వకండి, అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు.) ఆ కిక్కిరిసిన బస్సులో పలకను మోసుకెళ్ళలేక, మిగతావాళ్ళ సంగతి రేపు చూడొచ్చులెమ్మని దాన్ని ఆయన దగ్గరే వదిలి వచ్చాను.

మర్నాడు తాతగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు, ముఖం వెలిగిపోతూ. చీలలన్నిటినీ ఆకురాయితో నున్నగా అరగదీశారు. వంకర బెజ్జాలకు మక్కు పెట్టి (చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలుపుతారు లెండి) సరిచేశారు. అంతటితో ఊరుకోక, ఒక్కో చీల తల మీద రంగులతో ఒక్కో చిలకను వేశారు. బెజ్జం మీద పెడితే చాలు, చీల దానంతటదే దిగిపోతోంది.

"ఎవడో పని రానివాడు చేసినట్టున్నాడమ్మా. ఇంక చూసుకో!" అన్నారు.

నేను అరుగు మీద కూలబడి భోరుమన్నాను. పాత టైములు ఇక దేంతోనూ పోల్చడానికి లేదు. ఏడాది పోయినట్టే, బి.ఇడి. ఖాయం. సంగతి విన్న తాతగారి ముఖం వాడిపోయింది. ఒక చీల తీసుకున్నారు, ఉలి తీసుకున్నారు, చాలాసేపు చూసి రెండూ కింద పెట్టేశారు.

"నువ్వేమన్నా అనుకో తల్లీ. పాడు చెయ్యడం మాత్రం నా చేతికి రాదు."

పలకను గుడ్డలో చుట్టుకెళ్ళి గైడుగారి ముందు పెట్టాను. తిడతారని ఎదురు చూస్తుంటే ఆయన చిలకల్ని ఒక్కొక్కటిగా చూస్తూ కూర్చున్నారు. వాచీ జోలికే పోలేదు. "జరిగిందంతా రాయమ్మా. మన పట్టిక ఆయన్ని ఏ గడిలో పడేసిందో అదీ రాయి" అన్నారు. సిగ్గుతో చచ్చిపోతూ రాశాను. సెకండ్ క్లాసు వచ్చింది. తర్వాత ఒక ఫ్యాక్టరీలో, పనివాళ్ళను ఎంపిక చేసే ఉద్యోగమే దొరికింది. పరీక్షలో బాగా వెనకపడ్డవాళ్ళను, "ఈ పరీక్షలో మీకేం లోపం కనిపించింది?" అని తప్పకుండా అడిగేదాన్ని. ఆ ఒక్క ప్రశ్నతో ఎంత మంచి చేతులు దొరికాయో!

గైడుగారు రిటైరవుతూ ఆ పలక నాకే ఇచ్చేశారు. మొన్న సరదాగా వాచీ నొక్కి నేనే కూర్చున్నాను. ఒక చిలక మెడ వాల్చింది, ఒకటి అలిగినట్టుంది, ఏ రెండూ ఒకలా లేవు. చూస్తూ చూస్తూ పెట్టేసరికి ఎంతసేపైందో! పాత పట్టిక తీసి చూస్తే, అదే గడి. తాతగారి పేరు పక్కన పెన్సిల్‌తో నా పేరు కూడా రాసుకున్నాను.