ఫోటోలో మా జాగా

పెద్దమ్మ పోయిందని పోయిన నెల వరంగల్ నుంచి టెలిగ్రాం వచ్చింది. మా నాన్న దాన్ని చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వదినె గెలిచే పోయింది బిడ్డా," అన్నాడు. ఆ గెలుపు గురించే మీకు చెప్పాలి.

పెద్దమ్మ అంటే నాన్నకు అన్న భార్య. డెబ్బయ్యో దశకం మొదట్లో, వరంగల్ బజారులోని బట్టల దుకాణం ఎవరు నడపాలన్న దగ్గర అన్నదమ్ములకు మాటా మాటా పెరిగింది. మళ్లీ ఆ గడప తొక్కనని నాన్న అమ్మనూ మా ఇద్దరు పిల్లల్నీ వర్ధన్నపేటకు తీసుకొచ్చేశాడు. బస్సెక్కితే గంట దూరం. ఆయన కోపం దిగడానికి మాత్రం ఏడెనిమిదేళ్లు పట్టింది.

పెద్దమ్మ బతిమాలలేదు, ఉత్తరాలు రాయలేదు. ఆమె దగ్గర ఒక డబ్బా కెమెరా ఉండేది. ప్రతి దసరాకు ఇంటిల్లిపాదినీ డాబా మీద నిలబెట్టి ఫోటో తీసి, ఒక కాపీ మాకు పోస్టులో పంపేది. ప్రతి ఫోటోలోనూ నడుమ నలుగురు పట్టేంత ఖాళీ. ఎవరైనా అటు జరిగితే, "ఆడ మనోళ్లున్నరు, కనవడ్తలేదా? జర ఇటు జరుగుండ్రి!" అని కసిరేదట.

ఆ ఖాళీలోంచి వెనకాల గుట్ట, దాని కింది ఇళ్లు కనిపించేవి. నాన్న తన అన్న ముఖం చూడనట్టు నటిస్తూ గుట్టను చూసేవాడు. "అగో, పక్కింటోళ్లు మీద ఇంకో రూం ఏసిండ్రు." ఇంకో ఏడు, "అరె, యాపచెట్టు కొట్టేసిండ్రు!" పుట్టిన ఊరు మారడాన్ని ఏడాదికోసారి ఆ సందులోంచే చూసుకున్నాడు.

ఏడో ఏడు ఫోటోలో జనం పెరిగారు. కొత్త కోడలు, ఆమె ఒళ్లో పిల్ల. అందరూ పట్టక పెదనాన్న అంచుకు పోయి సగం మనిషే పడ్డాడు. ఖాళీ మాత్రం బెత్తెడు కూడా తగ్గలేదు.

"చూసినవా, అన్నను సగం కోసింది గని మన జాగ ముట్టలే," అని అమ్మతో అంటూ నాన్న ఏడ్చేశాడు.

మరుసటి దసరాకు బస్సెక్కాం. బస్సు ఆలస్యమై, మేం చేరేసరికి ఫోటో అయిపోయి అందరూ మెట్లు దిగుతున్నారు. మమ్మల్ని చూడగానే పెద్దమ్మ, "మళ్ల ఎక్కుండ్రి! అందరు మళ్ల పైకెక్కుండ్రి!" అని వాడంతా వినపడేలా అరిచింది. మేం నలుగురం పోయి మా జాగాలో నిలబడ్డాం. సరిగ్గా సరిపోయాం. పెదనాన్న వచ్చి నాన్న భుజం మీద చెయ్యేశాడు.

ఆ సంబరంలో పెద్దమ్మ రీలు తిప్పడం మర్చిపోయింది. రెండు ఫోటోలూ ఒకదాని మీదొకటి పడ్డాయి. పెదనాన్న ఇద్దరయ్యాడు: అంచున ఒకడు, నాన్న పక్కన ఒకడు. మా నలుగురి ఒంట్లోంచి వెనక గుట్ట కనిపిస్తోంది. పాడైంది, మళ్లీ తీద్దామని అందరూ అన్నారు.

"ఏం పాడైంది? అందరున్నరు గద," అని పెద్దమ్మ దాన్నే ఫ్రేము కట్టించి ముందు గదిలో తగిలించింది. ఆమె పట్టుదల లేకపోతే నాకు పెదనాన్న ఉత్త పేరుగానే మిగిలేవాడు. ఆ రుణం తీరేది కాదు.

దినాలకు వెళ్లినప్పుడు డాబా ఎక్కి చూశాను. చుట్టూ మేడలు లేచాయి, గుట్ట కనబడలేదు. కిందికి దిగి ఆ ఫోటో ముందు నిలబడ్డాను. నాన్న చొక్కాలోంచి గుట్ట మొత్తం కనిపించింది.