కాశీకి వెళ్తే వెళ్ళనివ్వండి

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. పరాయి దేశంలో ఎమ్మెస్ అయిపోయి, ఉద్యోగం రాక, వీసా గడువు కరిగిపోతుంటే ఎవరికైనా ఉంటుంది లెండి. "ఇంకా జాబ్ రాలేదా?" అని అడిగిన ప్రతివాడి పీకా నొక్కెయ్యాలనిపించేది. సరిగ్గా అప్పుడే మా అక్క పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుదీ ఆ దేశంలోనే, మోరిస్‌విల్‌లో ఉద్యోగం. పెళ్ళి అక్కడికి దగ్గర్లో ఒక పాతకాలపు ఎస్టేట్‌లో. తెల్లటి స్తంభాల బంగళా, చుట్టూ మనిషెత్తు పొదలు, వాటి వెనక గులాబీ తోటలు. (వాటి చరిత్ర అంతసేపు చెప్పిన మేనేజరమ్మ, ఒకప్పుడు ఆ తోటలు తవ్విన నల్లజాతి బానిసల ఊసు మాత్రం ఎత్తలేదు. దానికీ ఒళ్ళు మండింది నాకు.)

ముందురోజు సాయంత్రం భోజనాల దగ్గర కాబోయే బావ నా భుజం మీద చెయ్యేసి, అందరూ వినేలా, "మా బావమరిది ఇంకా ఖాళీగానే ఉన్నాడండీ. రెజ్యూమ్ పంపించు చంటీ, ఏదో ఒకటి సెట్ చేద్దాం" అన్నాడు. అందరూ జాలిగా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు కాశీయాత్ర. తెలిసిందేగా, పెళ్ళికొడుకు గొడుగు వేసుకుని, పావుకోళ్ళు తొడుక్కుని సన్యాసానికి బయల్దేరతాడు. బావమరిది వెంటపడి, "మా అక్కనిస్తాం, రండి బావా" అని గడ్డం పట్టుకుని బతిమాలి, నోట్లో బెల్లంముక్క పెట్టి వెనక్కి తీసుకురావాలి. బతిమాలాల్సింది నేను! ఎవర్ని? ఆయన్ని! పంతులుగారు నా చేతిలో బెల్లంముక్క పెట్టి "వెళ్ళు నాయనా" అన్నారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. "కాశీకి వెళ్తే వెళ్ళనివ్వండి. అక్కడ కూడా ఎవరికో జాబ్ సెట్ చేస్తారు" అన్నాను. జోక్ అనుకుని అందరూ విరగబడి నవ్వారు. బావ రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. నేను కదల్లేదు. ఆయనకీ పౌరుషం పొడుచుకొచ్చింది కాబోలు, టకటకా నడిచి పొదల వెనక్కి మళ్ళాడు. ఇక రాడే! పంతులుగారు వాచీ చూసుకుని "ముహూర్తం దాటిపోతుందయ్యా" అని గొణిగారు. నవ్వులు ఆగిపోయాయి.

ఇంతలో మేడమీద కిటికీ తెరుచుకుంది. అక్క. "ఒరేయ్ చంటీ! నీ కోపం నీ పెళ్ళిలో చూపించుకోరా, నా పెళ్ళిలో కాదు!" అంది. అరుస్తోందనుకున్నాను గానీ, ఏడుస్తోంది. పరిగెత్తాను. బావని తిట్టుకుంటూనే పరిగెత్తాను.

గులాబీల మధ్య దొరికాడు. పంచె ముళ్ళకి చిక్కుకుంది. కదిలితే ఊడివచ్చేలా ఉంది. గొడుగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు మహానుభావుడు.

"దారి తప్పానురా. కేకేద్దామంటే పరువు!"

"నేను బతిమాలను" అన్నాను.

"వద్దులే, నేనే బతిమాలుతున్నా. ముళ్ళు తియ్యరా బాబూ!"

"నిన్న అందరిముందూ అలా అనొచ్చా?"

ఆయన మొహం చిన్నబోయింది. "తప్పేరా. నాకు జాబ్ లేనప్పుడు మా బాబాయ్ ఇలాగే అనేవాడు. చంపెయ్యాలనిపించేది. నిన్న నా నోట్లోంచి అదే ఊడిపడింది."

చెమటకి కరిగి అరచేతికి అంటుకుపోయిన బెల్లాన్ని ఆయన నోట్లో కుక్కి, ముళ్ళు తీశాను. ముహూర్తానికి అందాం.

పెళ్ళి వీడియోలో బావ చెయ్యి పట్టుకుని నేను తీసుకొస్తుంటే, చూసినవాళ్ళందరూ "బావంటే ఎంత ప్రేమో!" అంటారు. ఆయన రెండో చెయ్యి పంచెని గట్టిగా పట్టుకుని ఉండటం ఎవరికీ కనబడదు. బావ పక్కన ధుమధుమలాడుతూ నడుస్తున్న ఆ బక్కకుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, చూస్తే ఇప్పుడు నాకే ముద్దొస్తాడు. తర్వాత ఉద్యోగం వచ్చిందని మొదట ఫోన్ చేసింది బావకే. రెజ్యూమ్ మాత్రం ఆయనకి ఈనాటికీ పంపలేదు.