మూడడుగుల నిలుపు

నబీసక్క నడుస్తూనే పాడేది. కూర్చుని పాడమంటే ఆమెకు చేతనయ్యేది కాదు. బొంత కుట్టేటప్పుడు పదం నోట్లోకి వస్తే సూది గుడ్డకు గుచ్చి లేచిపోయి, వాకిట్లో అటూ ఇటూ తిరిగి, పాట అయినాక వచ్చి మళ్ళా కూర్చునేది. మేము నవ్వేవాళ్ళం. ఆమె మొగుడు లాల్ అహమ్మద్ బతికున్నన్నాళ్ళూ ‘దీనికి గొంతు కాళ్ళల్లో పెట్టినాడు దేవుడు’ అని ఎగతాళి చేసేవాడు.

మాది కోడుమూరు పక్క పల్లె. వానను నమ్ముకున్న చేలు, వాన లేనేడు ఊరు విడిచిపోయే జనం. నబీసక్క అత్తగారివాళ్ళు తాతల నాటినుంచి దూది ఏకి పరుపులు కుట్టినోళ్ళు. కర్నూలు అంగళ్ళ పరుపులు వచ్చి ఆ పని పోయినాక, అక్క పాతచీరలతో బొంతలు కుట్టి బతికింది. ఊళ్ళో ఏ బిడ్డ పుట్టినా మొదటి బొంత ఆమె కుట్టిందే. దాంట్లో అవ్వ చీర ముక్క ఒకటైనా ఉండాలని అడిగి తెప్పించుకునేది. అవ్వ లేకుంటే పక్కింటి అవ్వ దగ్గర తెచ్చేది.

పీర్ల పండగ పదో దినం సాయంత్రం, సాములను, అంటే పీర్లను, ఎత్తుకుని వంకలోని బావికి నడిపించేటప్పుడు, ముందర నడుస్తూ ఏడుపు పాట పాడేది కూడా ఆమే. మొగుని నాయన దగ్గర నేర్చుకున్న పాట, కర్బలాలో తోలుతిత్తి తీసుకుని నీళ్ళకు పోయి తిరిగి రానివాని మీద. మేము పది పన్నెండు మందిమి వెనక వరసలో నడుస్తూ అందుకునేవాళ్ళం. ఆ పాట కడా చరణంలో ఇట్లా వస్తుంది:

నీళ్ళకు పోయినోడు రాలేదమ్మా
తిత్తి ఒక్కటె వచ్చె, వాడు రాలేదమ్మా

ఈ మాట అయిపోగానే పాట ఆగుతుంది. తప్పెట కూడా ఆగుతుంది. అక్క మూడడుగులు ఊరకే నడుస్తుంది. దాన్ని మేము నిలుపు అంటాము. ఆ ఏడు ఎవరింట్లో మనిషి పోయుంటే వాళ్ళు ఆ నిలుపులో పోయినవాళ్ళ పేరు ఒక్కసారి పలుకుతారు. ఊరంతా ‘ఉండాడు’ అనో, ‘ఉండాది’ అనో బదులిస్తుంది, ఆ తర్వాతే పాట మళ్ళా సాగుతుంది. మరుసటేడు ఆ పేరు పలికేది లేదు. మనిషిని సాముల చేతికి అప్పగించేసినట్టే. దుఃఖంతో ఎవరికైనా నోరు పెగలకపోతే నబీసక్క ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపి కాచుకునేది. నా మొగుని పేరు నేను పలికిన ఏడు ఆమె కాలు ఎంతసేపు గాల్లో ఉండిందో నాకే తెలుసు.

పోయినేడు పండగ అయిన నెలకు అక్క గొంతులో గడ్డ తేలింది. కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని నిదానంగా చెప్పింది: కోస్తే ప్రాణానికి భయం లేదు, గొంతు మాత్రం ముందరి మాదిరి ఉంటుందని చెప్పలేను అని. అక్క ప్రాణం గురించి ఒక్క మాటా అడగలేదు. ఆదోనిలో ఉన్న కూతురు షబీనాకు పాట రాదు. ఊళ్ళో ఆడపిల్లలకు అందరి ముందర గొంతెత్తాలంటే సిగ్గు. గొంతు పోయేలోగా పాటను ఎక్కడన్నా దాచిపెట్టాలని అక్క తపన. అట్లా మేము ఓబుళేశు దగ్గరికి పోయినాము.

ఓబుళేశు మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పాల, లేకుంటే నాకు పాపం తగుల్తుంది. వాళ్ళ నాయన కర్నూల్లో క్యాసెట్ల అంగడి నడిపినోడు. కొడుకు అదే అంగడి పైన గదిలో స్టూడియో పెట్టుకున్నాడు. పల్లెల్లో పాడేవాళ్ళను పిలిపించి పాట రికార్డు చేసి, వాయిద్యాలు చేర్చి ఫోన్లలోకి వదులుతాడు. మా పక్క పెండ్లి ఊరేగింపుల్లో, ఆటోల్లో, ఓట్ల బండ్లలో మోగే పాటల్లో సగం ఆ గదిలోంచి వచ్చినవే. ఏ చరణం ఉండాల, ఏది పోవాల, ఎంత వేగంగా పోవాల అనేది ఆయన చూపుడువేలు తేలుస్తుంది. కలుపుపాట లోపలికి పోయినా, జోలపాట పోయినా, బయటికి వచ్చేటప్పుడు రెండూ ఒకే పరుగు నేర్చుకుని వస్తాయి.

ఆయనే కిందికి దిగి వచ్చి అక్క చెయ్యి పట్టుకుని మెట్లెక్కించినాడు. గొంతుకు మంచిదని వేన్నీళ్ళు కాచి ఇచ్చినాడు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి మైకు ముందర నిలబెట్టినాడు. చెవిలో టిక్కు టిక్కుమని ఒక చప్పుడు వస్తాది, దాని వెంట పాడమన్నాడు. అక్కకు రెండో పాదం దగ్గరే పదం నిలిచిపోయింది. నడిస్తేగానీ ఆమెకు రాదని నేను చెప్పినా. ఆయన విసుక్కోలేదు. తాను పండుకునే దుప్పటి తెచ్చి నాలుగు మడతలు వేసి మైకు ముందర పరిచి, ‘దీని మీద నడువమ్మా, చప్పుడు రాదు’ అన్నాడు. ఆ జానెడు జాగాలోనే అక్క కాళ్ళాడిస్తూ పాటంతా పాడింది.

నిలుపు వచ్చింది. అక్క కండ్లు మూసుకుని మూడడుగులు వేసింది. ఓబుళేశు అద్దాల గదిలోంచి తల బయటికి పెట్టినాడు.

“మరిచిపోతివా అమ్మా?”

“లేదప్పా. ఈడ ఊరకుండాల. పోయినోళ్ళ పేరు చెప్పుకుంటారు.”

“ఎంతసేపు?”

“మూడడుగులు.”

“నా మిషన్లో అడుగుల్లేవమ్మా, సెకన్లే ఉండాయి” అని నవ్వినాడు. మళ్ళా ఒకసారి ఆ ముక్క తానొక్కడే విని, వచ్చి మా ముందర కూర్చున్నాడు. నువ్వు ఆగినప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చినాడమ్మా అన్నాడు. కండ్లు తడిగా ఉన్నాయి. నిలుపు బతికిపోయిందనుకున్నా నేను. ఆయన కండ్లు తుడుచుకుని అన్నాడు:

“అయినా ఇది ఉంచితే పాట నడవదమ్మా. ఫోన్లో పాట రెండు సెకన్లు ఆగితే నెట్టు పోయిందనుకుంటారు. వేలితో పక్కకు తోసేస్తారు.”

అక్క కాసేపు ఆ దుప్పటి దిక్కు చూసింది.

“తీసెయ్ నాయనా. నీ పని నీకు తెలుస్తాది. ఊళ్ళో మేమెట్లా నిలుపుతోనే పాడుకుంటాం కదా” అనింది.

ఆమె చేసిన తప్పు ఇదొక్కటే. పక్కన కూర్చుని అవునవునని తల ఊపింది నేను.

ఆపరేషన్ అయిన వారానికి పాట బయటికి వచ్చింది. వేగం పెంచినాడు, డ్రమ్ములు వేసినాడు, వెనకాల ఆడపిల్లల చేత అందుకునే పాదాలు పాడించినాడు. అక్క గొంతు ఇరవై ఏండ్ల పిల్ల గొంతు మాదిరి సన్నగా, చురుగ్గా ఉంది. ఆసుపత్రిలో ఒక నర్సు ఆ పాటను గుర్తుపట్టి, ఇంటినుంచి గంజి కాచి తెచ్చి, పాట పెట్టి వినిపిస్తూ చెంచాతో తాగించింది. అక్కకు మాట లేదు. మాట్లాడొద్దన్నారు. మూడు నెలలు ఆమె పాడిందీ లేదు, నడిచిందీ లేదు. గోడకు ఆనుకుని కూర్చుని, తన పాటను ఫోన్లో విన్నది. ఇంటి ముందర పోయే ఆటోవాడు ఆమె కోసమని సౌండు పెంచి పోయేవాడు. కోడుమూరు బస్సులో కండక్టరు లేచి తన సీటు ఇచ్చినాడు. మా ఊరి పేరు ఫోన్లో వస్తోందని మేమందరం మురిసిపోయినాము. ఎన్నడూ గొంతెత్తని పిల్లలు కూడా ఆ పాట నేర్చుకున్నారు. నేనూ దోసె పోస్తూ, బట్టలుతుకుతూ ఆ పాటే కూనిరాగం తీసేదాన్ని. ఆ వేగంతోనే.

ఎండాకాలం ముందర ఊరంతా మిరప కోతలకు గుంటూరు పక్క పోయింది. అక్కడ కూలోళ్ళ ఆటో బోల్తా పడి, రామసుబ్బమ్మ కూతురు సుప్రజ పోయింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. శవాన్ని ఊరికి తెచ్చినప్పుడు ఊళ్ళో తాళాలు వేసిన ఇండ్లే ఉన్నాయి. పూడ్చేటప్పుడు తల్లి, అన్న ప్రవీణు, ఐదారుమంది ముసలోళ్ళు. పాడె మోయడానికి పక్క ఊరినుంచి ముక్కూమొహం తెలియని ఇద్దరు వచ్చి భుజం పట్టినారు. దేవుడు వాళ్ళను చల్లగా చూడాల.

మేము తిరిగి వచ్చేటప్పటికి అంతా అయిపోయింది. నబీసక్క సుప్రజ చున్నీలన్నీ కలిపి బొంత కుట్టి తల్లికి ఇచ్చింది. ఆ దినం రామసుబ్బమ్మ ఏడవలేదు. బొంతను ఒళ్ళో పెట్టుకుని, “నా బిడ్డను ఊరు సాగనంపలేదక్కా. పండక్కి నిలుపులో దాని పేరు పలుకుతా. ఊరు ఒక్కసారి ఉండాది అంటే చాలు, నేను బతుకుతా” అనింది.

అక్కకు గొంతు ఇంకా సరిగా రాలేదు. గుసగుసగా, “నీ కోసం ఎంతసేపైనా కాలు ఆపుతానమ్మా” అని చెప్పింది. అప్పటినుంచి పండగ దాకా రామసుబ్బమ్మ దినాలు లెక్కపెట్టుకుంటూ బతికింది.

పండగ వచ్చింది. పదో దినం సాయంత్రం పీర్ల చావిడి ముందర పెద్ద పెద్ద సౌండు బాక్సులతో బండి నిలబడి ఉంది. తెచ్చింది ప్రవీణు. చెల్లెలు ఆ పాటను ఎప్పుడూ చెవుల్లో పెట్టుకుని తిరిగేదని, ఈ ఏడు అది ఊరంతా మోగాలని ఆ పిల్లోని కోరిక. నబీసక్క గొంతుకు శ్రమ ఎందుకు, పాట ఆమెదే కదా అన్నాడు. అందులో తప్పేమి పడతాము? పీర్లు లేచినాయి. పాట మొదలైంది. మొగపిల్లలు అడుగులు వేస్తున్నారు. రామసుబ్బమ్మ సాముల ముందర ఫాతిహా చదివించిన చక్కెర పళ్ళెం పట్టుకుని ముందర నడుస్తోంది. తిత్తి ఒక్కటె వచ్చె అనే మాట వచ్చింది, ఆమె నోరు తెరిచింది. పాట ఆగకుండా తర్వాతి పాదంలోకి దూకి పోయింది. ఆమె నోరు తెరిచి అట్లే నిలబడింది.

ప్రవీణు మొగం మాడిపోయింది. పరుగెత్తి పోయి వాడే బాక్సులు ఆపించినాడు. రామసుబ్బమ్మ నబీసక్క దగ్గరికి వచ్చి, నువ్వు పాడక్కా అనింది. సాములు అప్పటికే వంక దారి పట్టినాయి. నిలుపులో తప్ప ఎత్తిన సాములు ఆగకూడదు, వెనక్కి తిరక్కూడదు. పీరును పట్టుకున్న, చావిడి చూసుకునే ముజావరు రెహమాన్ మామ అడుగులు వీలైనంత చిన్నవి చేసుకున్నాడు. ఆయనకు చేతనైంది అదే.

నబీసక్క పాడింది. బొంగురు గొంతు. వినాలంటే మేము ఊపిరి బిగబట్టుకోవాల్సి వచ్చింది. ఒక చరణం, రెండు చరణాలు. నీళ్ళకు పోయినోడు రాలేదమ్మా. తిత్తి ఒక్కటె వచ్చె, వాడు రాలేదమ్మా.

అక్క కాలు ఎత్తింది. ఎత్తిన కాలు ఆగలేదు. తర్వాతి పాదం ఆమె నోట్లోంచే వచ్చేసింది. దాని వెంటే మా పదిమంది గొంతులూ, నా గొంతు కూడా, ఒక్క పెట్టున వచ్చి పడినాయి. ఆ చప్పుడు కింద రామసుబ్బమ్మ ‘సు’ అనడం నేను చూసినా. వినలేదు. పెదవులు చూసి తెలుసుకున్నా.

రెండు మాటలు పాడినాక అక్కకు తెలిసొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇసుకలో కూలబడింది. కడా చరణం రెండోసారి పాడే ఆచారం లేదు. సాములు బావి దగ్గరికి పోయినాయి. రామసుబ్బమ్మే వచ్చి, అక్క తల నిమిరి, తన చెంబులో నీళ్ళు తాగించింది. సామికి తెలుసులే అక్కా అనింది. కొంగుతో ఆమె మొగం తుడిచి, లేచి, పళ్ళెంలో చక్కెర పంచకుండానే ఇంటికి పోయింది.

నాలుగు దినాలకు అక్క నాతో ఓబుళేశుకు ఫోన్ చేయించింది. నిలుపున్న పాట, తాను మొదట పాడింది, ఉంటే పంపమని. ఒకసారి వింటే కాళ్ళకు మళ్ళా గుర్తొస్తుందేమోనని ఆశ. జరిగింది విని ఆయన పని మానుకుని దినమంతా వెతికినాడు. సాయంత్రం ఆయనే చేసినాడు.

“కోసేసిన ముక్కలు ఉంచుకోలేదమ్మా. దాంట్లో ఏమీ లేదు కదా, ఎవరు దాచిపెడతారు” అన్నాడు.

ఇప్పుడు నబీసక్క బొంతలు కుడుతుంది, పాడదు. రామసుబ్బమ్మ దినమూ మధ్యాహ్నం మజ్జిగ తెచ్చిస్తుంది. అక్కకు కండ్లు ఆనవని పది సూదులకు దారాలు ఎక్కించి, దిండుకు గుచ్చి పెట్టి పోతుంది. ఇద్దరూ సుప్రజ పేరు ఎత్తరు. సుప్రజ చున్నీల బొంతను రామసుబ్బమ్మ విప్పనే లేదు, మడత పెట్టినట్టే ఉంది.

మొన్న నేను పోయేటప్పటికి అక్క వాకిట్లో నడుస్తోంది. పెదవులు బిగించుకుని, మూడడుగులు వేసి, నిలబడి, మళ్ళా వెనక్కి వచ్చి మూడడుగులు వేసి. నన్ను చూసి ఆగింది. ఏం చేస్తాండావక్కా అని అడిగినా.

“నోరు మూసుకుని చూస్తాండా చెల్లే. లోపల పాట మాత్రం ఆగడంల్యా” అనింది.

తిరిగి కూర్చుని, రామసుబ్బమ్మ దారం ఎక్కించి పెట్టిన సూది తీసుకుంది.