పొడుగు జుట్టు రాజులూ, నా గుండూ

ఇప్పుడు జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో బ్లూ కార్డు వీసా మీద కార్లకు సాఫ్ట్‌వేర్ రాసుకుంటున్నాను గానీ, నాకు నోరుందని నాకే తెలిసింది ఆకెన్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో. గోదాములో పెట్టెలు మోసీ మోసీ విసుగొచ్చి, టూరిస్టులకు ఊరు చూపించే గైడు పనికి అప్లై చేశాను. ఆ పని నాకు కావాలంటే కావాలి. శనివారం ట్రయల్ అన్నారు. స్వామి వారమే కదా అని ధైర్యపడ్డాను.

అంతకు వారం ముందే సెలవులకు ఇంటికెళ్ళి తిరుమలలో మొక్కు తీర్చుకుని వచ్చాను. ఆకెన్‌లో సీటొస్తే తలనీలాలిస్తానన్నది ఆ మొక్కు. కల్యాణకట్టలో అమ్మ బతిమాలింది.

“మూడు కత్తెర్లిస్తే సాలు బిడ్డా. ఆడివిల్లవు, మళ్ల జర్మనీ పోవాలె.”

నేను వినలేదు. మాటంటే మాటే. నడుము దాకా ఉన్న జడ మొత్తం ఇచ్చేశాను.

శనివారం పొద్దున మా గుంటూరు రూమ్మేట్ ఉన్ని టోపీ తెచ్చింది. “పెట్టుకోవే తల్లీ! వచ్చినోళ్ళు నీ కథ వింటారా, గుండు చూస్తారా?”

“రెండూ చేస్తరు తియ్,” అని టోపీ మంచం మీద పడేసి వెళ్ళాను.

కేథడ్రల్ ముందు సీనియర్ గైడు నన్ను చూసి ఆగిపోయింది. అరవై దాటిన జర్మన్ ఆవిడ. పక్కకు తీసుకెళ్ళి, “ట్రీట్‌మెంట్ నడుస్తోందా?” అని గొంతు తగ్గించి అడిగింది. జబ్బేం లేదు, దేవుడికిచ్చానన్నాను. నమ్మినట్టు లేదు. “మెరోవింజియన్ రాజుల జుట్టు కథ మాత్రం వదిలెయ్. నీకు కష్టంగా ఉంటుంది,” అంది. నాకు ఒళ్ళు మండింది. జాలితో ఇచ్చే పని నాకెందుకు?

గుంపును నిలబెట్టి ఆ కథే ఎత్తుకున్నాను. ఆకెన్‌లో ఎవర్ని కదిపినా ఈ కేథడ్రల్‌కు పునాది వేసిన పెద్ద చక్రవర్తి గొప్పలే చెబుతారు. ఆయన వంశానికి ముందు ఇక్కడి ఫ్రాంకు జాతిని ఏలింది మెరోవింజియన్లు. వాళ్ళకు జుట్టే కిరీటం, కత్తెర తగలనిచ్చేవారు కాదు. రానురాను రాజు పేరుకే మిగిలాడు, పెత్తనమంతా దివానుది. చివరికి ఆ దివానే రాజుకు గుండు గీయించి, మఠానికి తోలేసి, గద్దె ఎక్కాడు. అతని కొడుకే మన చక్రవర్తి.

“జుట్టు పోయింది, దాంతో రాజ్యమూ పోయింది,” అని నా గుండు నిమురుకున్నాను.

ఒక్కరూ నవ్వలేదు. అందరూ బూట్లు చూసుకుంటున్నారు. ముందు నిలబడ్డ రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

“మరి నీ రాజ్యం ఎవరు తీసుకున్నారు?”

వాళ్ళమ్మ ఉష్ అంది. సీనియర్ గైడు కళ్ళు మూసుకుంది.

“ఎవరూ తీసుకోలేదమ్మా. ఈ ఊరికి పంపమని దేవుణ్ణి అడిగాను, పంపాడు. అందుకని నేనే ఇచ్చేశాను.”

పిల్ల ఇంకో అడుగు ముందుకేసి, “ముట్టుకోవచ్చా?” అంది. వంగాను. గరుకుగా ఉందని కిలకిలా నవ్వింది. గుంపంతా ఊపిరి పీల్చుకుని నవ్వింది. నాకు మళ్ళీ తిరుమల కొండెక్కినంత సంతోషమేసింది.

టూరు అయ్యాక సీనియర్ గైడు నా గుండునే చూస్తూ, “వచ్చే శనివారం నుంచి ఇది నీ టూరే. నీకు జుట్టు తొందరగా పెరుగుతుందా?” అని అడిగింది.

“పెరుగుతుంది.”

“కొంచెం ఆగమని చెప్పు,” అంది.