ద్రిత కొన్న ఇల్లు

అల్బేనియా నుంచి ఆ గ్రీకు ద్వీపానికి వచ్చేనాటికి ద్రితకు ఇరవై ఏళ్ళు. రేవులో కూర్చుని చేపల వలలు బాగుచేసే పనిలో కుదిరింది. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. ఇన్నేళ్ళూ అద్దెకున్నది స్తమాతియమ్మ రెండు గదుల ఇంట్లోనే. పక్కింట్లో ఉండే ఆ ముసలావిడకు తలుపు తట్టే అలవాటే లేదు. నేరుగా లోపలికొచ్చి కూర్చుని, రేవు నుంచి అలిసిపోయి వచ్చిన ద్రితను గడపలోనే ఆపేది.

"కాళ్ళు తుడుచుకో పిల్లా. ఇది నా ఇల్లు."

అలాంటి మనిషి ఒకరోజు ఆ ఇల్లు ద్రితకే అమ్ముతానంది. ద్రిత కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇద్దరూ కలిసి వెళ్ళేసరికి లాయరు ఆ సంబరం మీద నీళ్ళు చల్లాడు.

"ఎదురుగా టర్కీ కొండలు కనపడుతున్నాయిగా. ఇది సరిహద్దు ద్వీపం. యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళు ఇక్కడ ఇల్లు కొనాలంటే కమిటీ అనుమతి కావాలి."

"మరి పై వీధిలో కొన్న జర్మనీ ఆయనో?" అంది ద్రిత.

"ఆయన యూనియన్ లోపలివాడమ్మా. ఆయనకు అక్కర్లేదు."

ఆ పెద్దమనిషి ఎండాకాలంలో నాలుగు రోజులుండి పోతాడు. సందుల్లో దారి తప్పితే చెయ్యి పట్టుకుని ఇంటికి చేర్చింది ద్రితే. చట్టానికి ఆయన అయినవాడు, ఈమె పరాయిది. ఎవరికైనా ఒళ్ళు మండదా?

"ఇంకో దారి ఉంది," అని నసిగాడు లాయరు. "వీలునామా రాస్తే అనుమతి గొడవ ఉండదు. స్తమాతియగారు పోయాక ఇల్లు ఈవిడకే వస్తుంది."

స్తమాతియమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"అంటే, నన్ను తొందరగా పొమ్మంటావు."

అనుమతికే దరఖాస్తు పెట్టారు. కమిటీ పిలిచిన రోజున ముసలావిడ చర్చికి వేసుకెళ్ళే నల్ల గౌను తొడుక్కుని, ద్రితతో పాటు ఓడెక్కి పెద్ద ద్వీపానికి వెళ్ళింది.

"సరిహద్దులో మీకు ఇల్లెందుకు?" అని అడిగాడు కమిటీ అధ్యక్షుడు.

దారి పొడుగునా వల్లె వేసుకున్నదంతా ద్రితకు ఎగిరిపోయింది.

"నా బతుకంతా అక్కడే ఉందండీ," అని మాత్రం అనగలిగింది.

స్తమాతియమ్మ లేచి నిలబడింది.

"నాయనా, మీరు కాదంటే ఇది నా చావు కోసం కాచుక్కూర్చోవాలి. నాకు రోజూ సూపు కాచి పెట్టేదేమో ఇదే. రేపట్నుంచి ఆ సూపు నేనెలా తాగను?"

అధ్యక్షుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పక్కనున్న సైన్యాధికారి ఆ మాత్రం కూడా ఆపుకోలేక పగలబడి నవ్వాడు.

నిమ్మచెట్టు పూతకొచ్చే వేళకు అనుమతి వచ్చింది. సంతకాలయ్యాక ద్రిత ఇంటికొచ్చి, గోడకు వీపు ఆనించి తనివితీరా ఏడ్చింది. ఇక తనను ఖాళీ చెయ్యమనే హక్కు ఎవరికీ లేదు. అంత సంతోషం ఆమె ఎన్నడూ ఎరగదు.

అంతలో ఎవరో తలుపు తట్టారు. తీసి చూస్తే స్తమాతియమ్మ, చేతిలో తీపి గిన్నెతో బయటే నిలబడి ఉంది.

"ఇంటావిడ ఉందా?"

ద్రిత కళ్ళు తుడుచుకుని, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఉంది. కాళ్ళు తుడుచుకుని రా, పెద్దమ్మా."

ముసలావిడ బుద్ధిగా రెండు కాళ్ళూ శుభ్రంగా తుడుచుకుని లోపలికి వచ్చింది.